సాక్ష్యంలో రాని పేరు

మా తమ్ముడు మహబూబాబాద్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. ఒకచోట సరుకు దించి, ఇంకోచోట కిరాయి దొరికేదాకా ఎక్కడో ఒక చెట్టు నీడన బండి ఆపి, ఫోన్‌ను ముందు అద్దానికి ఆనించి సూపర్ హీరో సినిమాలు చూసేవాడు. తెలుగులోకి మార్చిన ఇంగ్లిషు సినిమాలు. నేను మా చర్చి సంఘంలో యవ్వనస్థుల కూటానికి బైబిలు వాక్యం చెప్తాను. ఆ సినిమాల మీద మా ఇద్దరికీ చాలా కాలం వాదన నడిచింది. ఇప్పుడు నడవడం లేదు. వాడు వాటిని చూడటం మానేశాడు, నేను తిట్టడం మానేశాను. మధ్యలో ఒక మనిషి పేరు ఉంది. ఆ పేరు ఒక ఆదివారం మా సంఘంలో పలకవలసింది, పలకలేదు.

వాదనకు కారణం మా కూటంలోని పిల్లలు. ఒక ఎండాకాలం వాళ్లు, "ఈసారి సూపర్ హీరో సినిమాల మీద మాట్లాడుకుందాం అక్కా, వాటి అంశం ఏందో నువ్వు చెప్పాలె" అన్నారు. నేను ఒప్పుకున్నాను. వాటికి అంశమే లేదని తేల్చేసి, మళ్లీ వాక్యంలోకి తీసుకొద్దామని నా ఆలోచన. అందుకోసం తమ్ముడి ఫోన్ తీసుకొని, ప్రార్థన చేసుకొని మరీ ఒక సినిమా చూశాను.

అంశం వెతకడం నేను జనగామలో నేర్చుకున్నాను. పెళ్లికి ముందు కొన్నాళ్లు అక్కడ బైబిలు లేఖనాల శిక్షణకు వెళ్లాను. మాకు పాఠం చెప్పినాయన ముసలివాడు, ఖద్దరు చొక్కా, చేతిలో ఎప్పుడూ మడిచిన గొడుగు. ఏ వాక్యభాగం ఇచ్చినా ముందు అంశం చెప్పమనేవారు. మేం "ప్రేమ" అనో "క్షమ" అనో అనేవాళ్లం. "అది సంచి మీద రాసిన పేరు. సంచిలో ఏముందో చెప్పు" అనేవారాయన. ఒక్క మాట అంశం కాదు, పూర్తి వాక్యం కావాలి. ఆ వాక్యం అబద్ధమని తేలితే కథ కూలిపోవాలి. కూలకుండా నిలబడితే నువ్వు పట్టుకున్నది అంశం కాదు, వేరే ఏదో. ఇంకో మాట కూడా చెప్పేవారు. నువ్వు చెప్పిన అంశం వింటే ఎదుట కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా కూర్చున్నచోట ఇబ్బందిగా ఉండాలి.

సినిమా చూసిన మర్నాడు తమ్ముడు అన్నానికి వచ్చాడు. వాడి ఇల్లు మా వెనక వీధిలోనే.

"చూసినవా?"

"చూసిన."

"ఎట్లుంది?"

"మనిషిని తీస్కపోయి దేవుని జాగల గూసోబెట్టిన్రు. గంతే."

"గది కథనా, నీ కోపమా?" అన్నాడు పప్పు కలుపుకుంటూ. "కథేందో చెప్పు. టీచరమ్మవు గద."

"మంచి గెలుస్తది, చెడు ఓడుతది."

"గదైతె అవ్వ చెప్పిన కథలన్నిట్ల ఉన్నది. గీ సినిమాల ఉన్నదేంది?"

మా గురువుగారి కొలతతో చూసినా వాడన్నది నిజమే. ప్రతి ఇంటికీ గోడలుంటాయి. గోడలున్నాయని చెప్తే అది ఎవరి ఇల్లో తెలియదు. "బలమున్నోడు బలం లేనోళ్లను ఆదుకోవాలె" అన్నాను.

"గది బడిల సారు గూడ చెప్తడు. ఒక్క సినిమా జూసి ఇజ్జత్ తీస్తున్నవ్ అక్కా."

"అయితే నువ్వే చెప్పు."

వాడు తినడం ఆపాడు. "పేరు. కథంత పేరు మీదనే ఉంటది. ముసుగు తీసిండనుకో, ఇంట్లోళ్లకు ఆపద. తియ్యలేదనుకో, ఇంత జేసింది ఎవలో ఇంట్లోళ్లకే తెల్వదు. గాల్ల ఎగురుడు, బిల్డింగులు కూలుడు, గదంత పైన కొట్టిన రంగు. మందిని కాపాడెటోనికి పేరుండది. గదీ కథ."

గురువుగారి కొలతకు అది నిలబడింది. హీరో మొదటి రోజే ఊరందరి ముందూ తన పేరు చెప్పేస్తే ఆ సినిమా అక్కడే అయిపోతుంది. ఇబ్బంది పడేవాళ్లు కూడా ఉన్నారు. మా మందిరంలో ఫ్యాన్ల రెక్కల మీద సైతం ఇచ్చినవాళ్ల పేర్లు రాసి ఉంటాయి. ఫ్యాన్ ఆపితేగాని చదవలేం, అయినా రాయించారు. ఆ ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి యవ్వనస్థులకు నేను చెప్పిన అంశం అదే: కాపాడేవాడు పేరు కోరడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకామె ఫ్యాన్ వైపు చూసి నవ్వడం కూడా చూశాను. ఆ రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

తమ్ముడికి ఆ సినిమాల్లో ఒక్కటే నచ్చేది కాదు. "అమెరికా పోలీసోడు గూడ ‘ఏమండీ’ అంటడు. ఒక్కడన్న ‘ఏందిర’ అనడు. మన మాట పెట్టిన్రంటే వాడు దొంగన్నట్టు" అనేవాడు. వాడు నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. మాకు చిన్నప్పటినుంచీ అలవాటైన సంగతే గదా అని వదిలేశాం.

ఆ వానకాలం వరుసగా వానలు పడ్డాయి. తమ్ముడు దాణా బస్తాలు వేసుకొని తెల్లవారే మరిపెడ వైపు బయలుదేరాడు. మరిపెడ దగ్గర వాగు మీద తక్కువ ఎత్తు వంతెన ఉంటుంది. నీళ్లు వంతెన మీద నుంచి పారుతున్నాయి కానీ చక్రాలు సగం కూడా మునగవని వాడి లెక్క. నడిమిట్లకు పోయేసరికి ఇంజను ఆగింది. వెనక్కి తోద్దామని దిగేలోపు నీళ్లు సీటు దాకా వచ్చాయి. వాడు బస్తాల మీదికి ఎక్కి కూర్చున్నాడు. వాడికి ఈత రాదు. ఒడ్డున జనం పోగయ్యారు, ఫోన్లు పట్టుకొని.

ఆ రోడ్డు మీదే ఒకాయనకు టైర్ల దుకాణం ఉండేది. పంక్చర్లు వేస్తాడు, లారీలకు గాలి కొడతాడు. సాయిబు, మా ఈడువాడే. ఆయన ఒక లారీ ట్యూబుకు గాలి నింపుకొని, నడుముకు తాడు కట్టుకొని, తాడు రెండో కొసను ఒడ్డున ఉన్న ట్రాక్టరుకు కట్టించి, ట్యూబును చంకకింద పెట్టుకొని నీళ్లలోకి దిగాడు. తమ్ముడిని ట్యూబులోకి దింపి, తాను దాన్ని పట్టుకొని వేలాడుతూ వచ్చాడు. ఒడ్డున ఉన్నవాళ్లు ఇద్దరినీ కలిపి లాగారు. ఆ తర్వాత కొంతసేపటికి ఆటో పక్కకు ఒరిగి వాగులో కొట్టుకుపోయింది.

తమ్ముడు వణుకుతూ, "భాయ్, నువ్వు మంచిగ ఈత కొడ్తవా?" అని అడిగాడట.

"ఈతనా? నాకేడ వస్తది?" అన్నాడట ఆయన.

"మరెట్ల దిగినవ్?"

"ట్యూబుల గాలి నేనే కొట్టిన గద తమ్మీ. ఆగుతదో లేదో నాకు తెల్వదా?"

ఈ మాట తమ్ముడు మాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా నవ్వేవాడు. ఆ రోజు వాడిని ఆయన తన ఇంటికే తీసుకుపోయాడు. దుకాణం వెనకే ఇల్లు. వాళ్ల అమ్మ పొడి లుంగీ ఇచ్చి, పొయ్యి ముందు కూర్చోబెట్టి, చాయ్ పోసింది. బయలుదేరేటప్పుడు తమ్ముడు ఆమెతో అన్నాడు: "అమ్మీ, వచ్చే ఆదివారం మా చర్చిల సాక్ష్యం చెప్త. నీ కొడుకు పేరు అందరి ముందట మైకుల చెప్త. మా చర్చి ఆరాధన ఫోన్ల వస్తది, చూడున్రి." ఆయన ఫోన్‌లోనే మా చర్చి చానెల్ వెతికి పెట్టి మరీ వచ్చాడు.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రసంగానికి ముందు, దేవుడు తమ జీవితంలో చేసిన మేలును ఎవరైనా లేచి మైకు పట్టుకొని చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గినా చెప్తారు, కోర్టు కేసు కొట్టేసినా చెప్తారు. అది రాసుకొచ్చి చదివేది కాదు, గుండెలోంచి రావాలి అంటాం. నిజానికి అందరి గుండెలోంచీ అవే మాటలు వస్తాయి, ఎందుకంటే పుట్టినప్పటినుంచీ విన్నవి అవే. ఇంట్లో ఎట్లా మాట్లాడేవాళ్లైనా మైకు చేతికొస్తే వేరే తెలుగులోకి పోతారు. పాత లేఖనాల తెలుగు, కోస్తా వైపు నుంచి వచ్చిన బోధకుల తెలుగు. మాకు అది పవిత్రంగా వినిపిస్తుంది. నాకు ఇప్పటికీ అట్లాగే వినిపిస్తుంది.

ఆ ఆదివారం నేను స్త్రీల వైపు కూర్చున్నాను. తమ్ముడు లేచాడు. మైకు తీసుకొని, "ప్రభువు నామమునకు మహిమ కలుగును గాక" అన్నాడు. ఆ మాటతోనే వాడు వెళ్లవలసిన దారి ఖాయమైపోయిందని నాకు తర్వాత తెలిసింది. "జలములు నన్ను చుట్టుకొనియుండగా నేను మొర్రపెట్టితిని. ప్రభువు నా మొర్ర ఆలకించి, నన్ను కాపాడుటకై ఒక దేవదూతను పంపియున్నాడు." సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. నా పక్కనామె కళ్లు తుడుచుకుంది. వాడు కూర్చున్నాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ సాక్ష్యాన్ని మెచ్చుకొని అక్కడినుంచే ప్రసంగం మొదలుపెట్టారు. పేరు రాలేదని ఎవరూ అనుకోలేదు, చెప్పినవాడితో సహా. ఎవరూ వాడిని ఆపలేదు. ఏదీ దాచమని వాడికి చెప్పినవాళ్లు లేరు. ఆ తెలుగులో ట్యూబు లేదు, ట్రాక్టరు లేదు, టైర్ల దుకాణం లేదు. మనిషి పేరు పట్టే జాగా కూడా లేదు.

సోమవారం నేను పండ్లు తీసుకొని తమ్ముడితో మరిపెడ పోయాను, ఆయనకు నా నోటితో వందనం చెప్పాలని. ఆయన ఒక టైరును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకున్నాడు.

"రాన్రి అక్కా. దేవదూత ఇల్లు గిదే" అన్నాడు.

తమ్ముడికి అప్పటికీ అర్థం కాలేదు. నవ్వాడు. నాకు మాత్రం అర్థమైంది.

"చూసినవా భాయ్?" అన్నాడు తమ్ముడు.

"చూడకేంది? దుకాణం బందువెట్టి చూసినం. పక్కింటోళ్లను గూడ పిలిచిన. మీ పాటలు మంచిగున్నయ్, కని జర పొడుగు." ఆయన టైరును పక్కన పెట్టాడు. "నా పేరు ఎప్పుడొస్తదా అని అందరం గూసున్నం. దేవదూతన్నవ్. మా పక్కింటాయన అడుగుతుండు, దేవదూతకు పంక్చర్ దుకాణం ఉంటదా అని."

అప్పుడు తమ్ముడి ముఖం చూశాను. వాగు మధ్యలో బస్తాల మీద కూర్చున్నప్పుడు కూడా వాడి ముఖం అట్లా అయి ఉండదు. ఆయన వెంటనే వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "అరె, నవ్వుకుంట అంటున్న తమ్మీ. పరేషాన్ గాకు."

వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, చాలా మెల్లగా అడిగింది: "బేటా, మా వోని పేరు నీకు యాది లేదా?"

"ఉన్నది అమ్మీ."

"మరి చెప్తనంటివి గద. నేను కండ్లద్దాలు వెట్టుకొని ముంగట గూసున్న. ఖతం అయ్యిందాంక లేవలే."

తమ్ముడు నేల చూశాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను, మా చర్చిలో మహిమంతా దేవునికే ఇస్తామని. ఆమె ఓపికగా విన్నది. "మేం గూడ అల్లాకే ఇస్తం బిడ్డా" అన్నది. "పేరు అడిగిన, మహిమ గాదు."

మేం బస్సులో మహబూబాబాద్ తిరిగొచ్చాం. ఇల్లు దగ్గరికొచ్చాక వాడన్నాడు: "నేను మళ్ల లేస్త అక్కా. వచ్చే ఆదివారం. నువ్వు అయ్యగారితోని మాట్లాడు."

అయ్యగారు చెడ్డవారు కారు. మా సంఘాన్ని రేకుల షెడ్డు నుంచి ఇంతదాకా తెచ్చింది ఆయన మోకాళ్ల మీద చేసిన ప్రార్థనలే. నేను చెప్పిందంతా విని, "ఆ సహోదరుణ్ణి పిలిచి శాలువా కప్పుదాం, క్రిస్మస్‌కు" అన్నారు.

"శాలువ అడగలేదయ్యా వాళ్లు. ఎక్కడ దేవదూత అని చెప్పినమో అక్కడనే పేరు చెప్పాలె."

"చూడమ్మా, సాక్ష్యం దేవునికి. ఒక మనిషిని, అందులోనూ వేరే మతస్థుణ్ణి, పీఠం ముందు పేరు పెట్టి పొగిడితే రేపు సంఘంలో ఏమంటారు? మనిషికి మహిమ ఇవ్వడం అతని పేరు చెప్పడంతోనే మొదలవుతుంది." తర్వాత మెత్తగా అన్నారు: "దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఎత్తుకొని సత్రంలో చేర్చినవాడి కథ మీరే పిల్లలకు చెప్తారు కదా. ఆ కథ చెప్పిన ప్రభువు ఆ మనిషి పేరు చెప్పాడా?"

ఇంటికి వచ్చి ఆ వాక్యభాగం తీసి మళ్లీ చదివాను. నిజమే, పేరు లేదు. కాపాడేవాడు పేరు కోరడని పిల్లలకు నేను చెప్పిన అంశం కూడా అదే అంటోంది. ఒకవైపు అయ్యగారు, ఒకవైపు నా సొంత మాట. ఆ రెంటి మధ్య ఆ తల్లి కళ్లద్దాలు పెట్టుకొని కూర్చొని ఉంది.

గురువుగారి కొలతను తిరిగి పట్టుకున్నాను. కాపాడేవాడు పేరు కోరడు. ఈ వాక్యం అబద్ధమైతే కథ కూలాలి. మరిపెడలో చూస్తే ఆ వాక్యం అబద్ధమే. ఆయనకు పేరు కావాలనిపించింది, ఎక్కువేమీ కాదు, తల్లి వినేంత. అయినా కథ ఎక్కడా కూలలేదు. తాడు తెగలేదు, గాలి దిగలేదు, మా తమ్ముడు బతికే ఉన్నాడు. అంటే నేను పట్టుకున్నది అంశం కాదు. ఆ సినిమాల్లో పేరు దాచుకునేది హీరో. అది వాడి ఇష్టం, వాడి నష్టం. కాపాడబడ్డ జనానికి ఆ కథల్లో పనేమీ ఉండదు. కాసేపు అరుస్తారు, పైకి చూస్తారు, పక్కకు పరుగెత్తుతారు, మళ్లీ కనబడరు. వాళ్లలో ఒక్కరూ లేచి సాక్ష్యం చెప్పరు. కథంతా కాపాడినవాడి వెంటే పోతుంది కాబట్టి, పేరు గురించిన మాట కూడా వాడి వైపు నుంచే వినబడుతుంది. మా సంఘంలో అట్లా కాదు. మైకు కాపాడబడ్డవాడి చేతిలో ఉంటుంది. కాబట్టి మాకు వర్తించే అంశం వేరు: పేరు దాచుకుంటే కాపాడినవాడు దాచుకోవాలి, బతికి బయటపడ్డవాడు దాచకూడదు.

సత్రం కథలో కూడా నేను ఒకటి చూడకుండా పోయాను. ప్రభువు ఆ మనిషి పేరు చెప్పలేదు కానీ, ఎక్కడివాడో చెప్పాడు. ఎదుట కూర్చొని వింటున్నవాళ్లు ఎవరి గడప తొక్కరో, ఎవరి చేతి నీళ్లు తాగరో, వాళ్లలోని వాడని చెప్పాడు. అది తీసేసి ‘ఎవరో ఒక దయగలవాడు’ అంటే ఆ కథ కూలిపోతుంది. మేం పేరుతోపాటు దాన్ని కూడా తీసేశాం. తీసేసి రెక్కలు పెట్టాం.

మళ్లీ వెళ్లి అయ్యగారితో ఇదే చెప్పాను. ఆయన బైబిలు తీసి ఆ భాగం చూశారు. "నిజమేనమ్మా" అన్నారు చివరికి. "ఇన్నేళ్లుగా ప్రసంగిస్తున్నాను, ఇలా చూడలేదు." అంతమాట అనగలిగిన మనిషి కాబట్టే నాకు ఆయనంటే గౌరవం. కానీ ఒక్కరుగా నిర్ణయం తీసుకునే అలవాటు మాకు లేదు. సంఘ పెద్దలు కూర్చోవాలి. పెద్దలు కూర్చునేలోపు కోతల పండుగ వచ్చింది. తర్వాత క్రిస్మస్. తర్వాత ఒక పెద్దాయనకు గుండె ఆపరేషన్, అందరం ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. ఎవరూ వద్దనలేదు. ఒకాయన, "చెప్పొచ్చు, కానీ ఫోన్లో వచ్చేటప్పుడు కాదు" అన్నాడు. ఇంకొకామె, "ఫోన్లో వచ్చేటప్పుడే చెప్పాలె, లేకుంటే ఎందుకు" అన్నది. ఈ మాట మీద ఇంకొన్ని వారాలు పోయాయి. తమ్ముడు ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చొని, సాక్ష్యాల సమయంలో అయ్యగారి ముఖం చూసేవాడు. ఆయన కళ్లతోనే కొంచెం ఆగమనేవారు.

మరిపెడకు పోవడం కూడా వాడు తగ్గించాడు. "పేరు చెప్పినంకనే పోత. ఉత్తగ ఏం మొఖం వెట్టుకొని పోవాలె" అనేవాడు. ఆ ముఖం చాటేయడమే అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసిందేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఆయన వాడి రాకకోసం చూసి ఉంటాడు.

పెద్దలు ఒప్పుకున్నప్పటికి మళ్లీ వానకాలం దగ్గరకొచ్చింది. కృతజ్ఞత ఆరాధనలో తమ్ముడు లేవవచ్చునని, పేరు చెప్పవచ్చునని, ఫోన్లో కూడా వస్తుందని తీర్మానమైంది. వాడు ఆ సంతోషంలో మరిపెడ పోయి చూస్తే దుకాణానికి వేరే బోర్డు ఉంది. ఆయన భూపాలపల్లికి పోయాడన్నారు. బొగ్గు లారీలు తిరిగే చోట టైర్ల పనికి కొదువ లేదని బావమరిది పిలిచాడట.

ఇద్దరం భూపాలపల్లి పోయాం. పరకాల దాటాక దారి పొడుగునా బొగ్గు లారీలే. దుకాణం వెతకడం కష్టం కాలేదు, లారీల అడ్డా పక్కనే. ఆయన కొంచెం చిక్కాడు. తమ్ముడిని చూసి, "బతికే ఉన్నవా తమ్మీ? మళ్లేమన్న వాగుల పడ్డవా అనుకున్న" అన్నాడు. ఆ మాటతో వాడి బిగువంతా పోయింది. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు, పెద్దలు ఒప్పుకున్నారని, వచ్చే ఆదివారమేనని, ఈసారి దేవదూత గీవదూత ఏమీ లేదని, పేరూ ఊరూ దుకాణం అన్నీ మైకులో చెప్తానని.

ఆయన పానా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇప్పుడు వద్దు తమ్మీ."

"ఎందుకు భాయ్?"

"బిడ్డకు సంబంధం చూస్తున్నం. పిలగాని తరఫోళ్లు మంచోళ్లే, కని జర పట్టింపు ఎక్కువ. ఈ కాలంల ఎవలైన ఫోన్ల పేరు కొట్టి చూస్తరు గద. చర్చి పాటల నడుమ నా పేరు, నా దుకాణం కనవడ్డదనుకో, గిదేంది అని అడుగుతరు. వాగు, ట్యూబు, నువ్వు, గిదంత నేను చెప్పుకుంట గూసోవాలె." మళ్లీ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "అప్పుడైతె మంచిగుంటుండె. అమ్మీకి మస్తు శౌకుండె. ఇప్పుడు వద్దు. యాడ గూడ వద్దు."

అందుకే ఇక్కడ కూడా ఆయన పేరు రాయడం లేదు. ఆయనది రాయకుండా మాది రాసుకోవడం బాగుండదని మా పేర్లు కూడా రాయలేదు.

తల్లి లోపల మంచం మీద ఉంది. దవాఖానకు తిప్పుతున్నారట, కాళ్లు వాచాయి. తమ్ముడు వెళ్లి మంచం పక్కన చాప మీద కూర్చున్నాడు. కొడుకు చెప్పింది ఆమెకు బయటినుంచి వినబడే ఉంటుంది.

"వాడు వద్దంటడు. వాని బాధ వానిది" అన్నది. "నువ్వు చెప్పు బేటా. ఎట్ల చెప్తనన్నవో అట్లనే చెప్పు."

వాడు చెప్పాడు. ఈసారి మా మాటలోనే చెప్పాడు. వాన, దాణా బస్తాలు, ఆగిన ఇంజను, ఒడ్డున ఫోన్లు పట్టుకున్న జనం. తర్వాత ఆయన పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఫలానా ఆయన కొడుకు, ఫలానా చోట దుకాణం, ఈత రాకున్నా దిగిండు అని చెప్పాడు. ఆమె కళ్లు మూసుకొని వింటూ మధ్యలో ఒకచోట ఆపింది. "ట్రాక్టర్ ఎర్రది గాదు, నీలిది. మా ఎదురింటోళ్లది." వాడు సరిదిద్దుకొని మళ్లీ చెప్పాడు. చిన్న గది. మేం ముగ్గురమే ఉన్నాం. బయట లారీకి గాలి కొడుతున్న చప్పుడుకు వాడు కొన్ని మాటలు రెండోసారి చెప్పవలసి వచ్చింది.

అయిపోయాక ఆమె కళ్లు తెరిచింది. "మంచిగ చెప్పినవ్" అన్నది. కొంతసేపయ్యాక, "గీ మాటలే ఆ దినం మైకుల చెప్తె అయిపోతుండె గద బేటా" అన్నది. కోపంగా అనలేదు. ఆ మాట అని, కోడలిని పిలిచి మాకు చాయ్ పెట్టమని చెప్పింది.

ఆదివారం కృతజ్ఞత ఆరాధన జరిగింది. భూపాలపల్లిలో జరిగిన సంగతి అయ్యగారికి నేను ముందే చెప్పాను. ఆయన తల ఊపి, ఆ కుటుంబం కోసం ప్రార్థిద్దామన్నారు. పెళ్లి సంబంధం కుదరాలని, తల్లి కాళ్ల వాపు తగ్గాలని నేను రోజూ చేస్తూనే ఉన్నాను. ప్రార్థనలో పేరు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ అది ఆ తల్లికి వినబడదు.

సాక్ష్యాల సమయమైంది. మైకు ముందు వరస నుంచి బయలుదేరింది. ఒకామె కూతురి కాన్పు గురించి చెప్పింది. ఒకాయన పొలం తగాదా తీరిందని చెప్పాడు. సంఘం ఆమెన్ అంటూనే ఉంది. మైకు మా తమ్ముడి చేతికి వచ్చింది. కొందరు వాడివైపు తిరిగి చూశారు, వాడు లేస్తాడని వాళ్లకు తెలుసు గనుక. వాడు కాసేపు దాన్ని పట్టుకొని కూర్చొని, పక్కాయనకు అందించాడు.